చూపు లేని ప్రయాణం రంగస్థలం మీదికి: అందరికీ అందే నాటకం కట్టడం ఎలా

ఈ నాటకం మొదలుపెట్టినప్పుడు తొలి సన్నివేశం నేనే రాసుకెళ్ళాను. హాల్లో లైట్లన్నీ ఆరిపోతాయి. రెండు నిమిషాలు కటిక చీకటి. ఆ చీకట్లో కర్ర చప్పుడు. చదివి వినిపించాక, పుట్టుకతోనే చూపు లేని మా నటి ఒకే ఒక్క మాట అడిగింది: "ఈ చీకటి ఎవరిది?" తను రోజూ రెండు బస్సులు మారి రిహార్సల్‌కి వస్తుంది. ఆ దారిలో గుంతలున్నాయి, వాసనలున్నాయి, చెయ్యి పట్టి లాగేవాళ్ళున్నారు, బ్రేకు వేసిన తీరు బట్టి గుర్తుపట్టగలిగే డ్రైవరొకాయన ఉన్నాడు. చీకటి మాత్రం ఎక్కడా లేదంది. ఆ పేజీ తీసేశాం. తర్వాత ఏడాదిలో మేము నేర్చుకున్నదంతా ఆ ప్రశ్న వెంట వచ్చిందే.

నలుగురైదుగురు నటులు, గంట లోపు నాటకం, చిన్న హాలు, అంతంతమాత్రం డబ్బు ఉన్న బృందాలని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పని రెండు పాయలుగా ఉంటుంది. ఒకటి, చూపు లేనివాళ్ళ ప్రయాణాన్ని నిజాయితీగా నాటకం చెయ్యడం. రెండు, చూపు లేని ప్రేక్షకులు పక్కవాళ్ళని "ఇప్పుడేమైంది?" అని గుచ్చి గుచ్చి అడగక్కర్లేకుండా ఆ నాటకాన్ని ఆస్వాదించగలగడం. మొదటిది చేసి రెండోది మర్చిపోయిన ప్రదర్శనలు చాలా చూశాను. ఎవరి కథ చెబుతున్నారో వాళ్ళకే అర్థం కాని నాటకాలవి.

అడుగు 1: రాసే గదిలో ఎవరుండాలి

స్క్రిప్ట్ పూర్తయ్యాక ఒక అంధ మిత్రుడికి చూపించి "బాగుందా?" అని అడగడం సలహా తీసుకోవడం కాదు, ముద్ర వేయించుకోవడం. మొదటి రోజు నుంచీ కనీసం ఇద్దరు చూపు లేనివాళ్ళు రచనలో ఉండాలి, పారితోషికంతో. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరి అలవాట్లే అంధులందరి అలవాట్లయిపోతాయి. ఇద్దరుంటే వాళ్ళు వాదించుకుంటారు. ఆ వాదనలోంచే సగం సంభాషణలు పుడతాయి.

చూపు లేకపోవడం ఒక్క రకంగా ఉండదు. కొందరికి వెలుతురు వచ్చే దిక్కు తెలుస్తుంది. కొందరికి మధ్యలో మసక, అంచులు స్పష్టం. ఇంకొందరికి గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో చిన్న వృత్తం మాత్రం కనబడుతుంది. అలాంటివాళ్ళు పేపరు చదివి, లేచి బెంచీకి తగిలి పడతారు. "నటిస్తున్నాడు" అని నలుగురూ అనుకునేది వాళ్ళనే. ప్రయాణంలో వాళ్ళకి ఎదురయ్యే అనుమానం, అవమానం పూర్తిగా చూపు లేనివాళ్ళకి ఎదురయ్యేవాటికంటే వేరు. చిన్నప్పటి నుంచీ చూపు లేని మనిషికీ, నలభయ్యేళ్ళ వయసులో చూపు పోయిన మనిషికీ ఒకే రోడ్డు ఒకేలా ఉండదు. మీ పాత్ర వీళ్ళలో ఎవరో మొదటి వారంలోనే తేల్చుకోండి.

సమాచారం సేకరించేటప్పుడు "మీకెలా అనిపిస్తుంది?" అని అడగొద్దు. జవాబు కూడా అరిగిపోయినదే వస్తుంది. "ఇంటి గుమ్మం దాటాక మొదట ఏం చేస్తారు? రెండో మలుపు వచ్చిందని ఎలా తెలుస్తుంది? దారి తప్పారని ఎప్పుడు ఒప్పుకుంటారు?" అని అడగండి. ఇంకా మంచిది, ఒక రోజు వాళ్ళ వెంట నడవడం. నాలుగడుగులు వెనకగా, నోరు మూసుకుని. వాళ్ళు ఒప్పుకుంటే చిన్న రికార్డర్ పెట్టుకోమనండి, నడుస్తూ తమకి తాము చెప్పుకునేది గట్టిగా చెప్పుకోమనండి. మా నాటకంలో నాలుగు పేజీలు అలాంటి రికార్డింగులోంచి దాదాపు యథాతథంగా వచ్చాయి.

"చూడలేని మనిషి ఊళ్ళు తిరిగి ఏం లాభం?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మా హాలు మేనేజరు అడిగాడు. అప్పుడు జేమ్స్ హోల్మన్ సంగతి చెప్పండి. 1786లో పుట్టిన ఇంగ్లండు నౌకాదళ అధికారి. 25 ఏళ్ళకే చూపు పోయింది. లోహపు మొన ఉన్న కర్రని నేలకి కొడుతూ, ఆ చప్పుడు తిరిగొచ్చే తీరుతో పరిసరాలు తెలుసుకుంటూ ప్రపంచమంతా తిరిగాడు, యాత్రాగ్రంథాలు రాశాడు. రష్యాలో సైబీరియా దాకా వెళితే, గూఢచారి అని అనుమానించి జారు చక్రవర్తి మనుషులు పట్టుకుని దేశం సరిహద్దు దాటించారు. చూపు లేని మనిషిని గూఢచారి అని భయపడటంలో ఎంత నాటకం ఉందో వేరే చెప్పక్కర్లేదు.

అడుగు 2: నాటకీయత ఎక్కడుందో వెతకడం

చూపున్న రచయిత చెయ్యి సాధారణంగా రెండు పాత్రల మీదికి పోతుంది: అయ్యో పాపం అనిపించే నిస్సహాయుడు, లేదా చెవులతో అన్నీ పసిగట్టే అద్భుత మానవుడు. రెండూ పక్కన పెడితే మిగిలేది పనితనం. చూపు లేని ప్రయాణం ఒక పనితనం, నేర్చుకుంటే వచ్చేది, అప్పుడప్పుడూ తప్పేది. ఆ వివరాల్లోనే మీకు కావలసిన సరుకంతా ఉంది.

కర్రనే తీసుకోండి. ఇప్పుడు ప్రపంచమంతా నేర్పే పొడవాటి కర్ర నడక రెండో ప్రపంచ యుద్ధకాలంలో రూపుదిద్దుకుంది. చూపు పోయిన సైనికుల కోసం అమెరికా సైనిక ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ దాన్ని తయారుచేశాడు. ఎడమ పాదం ముందుకు వేసినప్పుడు కర్ర మొన కుడి పక్క నేలని తాకుతుంది, అంటే తర్వాతి అడుగు పడబోయే చోటుని ముందే చూసిపెడుతుంది. పాదం, కర్ర, పాదం, కర్ర. ఇది మీ నాటకానికి తాళం. నడక వేగం పెరిగితే ధైర్యం, తాళం తప్పితే తడబాటు, ఆగిపోతే ప్రమాదం. ఒక్క మాట లేకుండా రెండు నిమిషాల సన్నివేశం ఈ చప్పుడుతో నడుస్తుంది.

కర్రకి తెలుపు ఎందుకో కూడా గుర్తుపెట్టుకోండి. 1921లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జేమ్స్ బిగ్స్ అనే ఫోటోగ్రాఫర్, ప్రమాదంలో చూపు పోయాక, బండ్లవాళ్ళకి తను కనబడాలని కర్రకి తెల్ల రంగు వేసుకున్నాడు. అంటే కర్ర అంధుడిది, తెలుపు మాత్రం చూసేవాళ్ళ కోసం. మా నటి ఈ సంగతి మీద ఒక స్వగతమే రాసుకుంది.

తర్వాత నేల. రైల్వే ప్లాట్‌ఫాంల మీద, పేవ్‌మెంట్ల మీద కనబడే గరుకు పలకలు 1965లో జపాన్‌లో సెయిచి మియాకే కనిపెట్టినవి. 1967లో ఒకాయామా నగరంలో మొదటిసారి పరిచారు. నిలువు గీతలుంటే "ఇటు నడువు", గుండ్రటి బొడిపెలుంటే "ఆగు, జాగ్రత్త". పలకల వరస నేరుగా స్తంభంలోకి వెళ్ళి ఆగిపోయే చోట్లు మీ మిత్రులు బోలెడు చెబుతారు. కామెడీకి ఇంతకంటే ఏం కావాలి?

అన్నిటికంటే పెద్ద సంఘర్షణ మనుషుల చేతుల్లో ఉంది. దారి చూపించే సరైన పద్ధతిలో చూపు లేని మనిషే తోడు వచ్చేవాళ్ళ మోచేతి పైభాగం పట్టుకుని అరడుగు వెనక నడుస్తారు. తోడు మనిషి ఒంటి కదలికలోంచే మెట్టు వచ్చింది, మలుపు వచ్చింది అని తెలుస్తుంది. కానీ వీధిలో జరిగేది దీనికి తలకిందులు. అడక్కుండా రెక్క పట్టుకుని ఈడ్చుకుపోతారు, దాటక్కర్లేని రోడ్డు దాటిస్తారు. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారన్న ఒక్క ప్రశ్న చుట్టూ నాటకమంతా అల్లుకోవచ్చు. మేము అదే చేశాం. మొదటి సన్నివేశంలో హీరోయిన్ చెయ్యిని అందరూ పట్టుకుంటారు, చివరి సన్నివేశంలో తను ఎంచుకున్న ఒక్కరి మోచెయ్యిని తను పట్టుకుంటుంది.

ఫోనులో తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ గొంతుని తప్పక వాడుకోండి. అలవాటైనవాళ్ళు దాన్ని విపరీతమైన వేగంతో వింటారు. ఆ వేగంలోనే స్పీకర్లో వినిపించండి. చూపున్న ప్రేక్షకులకి ఒక్క ముక్క అర్థం కాదు, చూపు లేనివాళ్ళు పకపకా నవ్వుతారు. హాల్లో ఒకసారైనా వాళ్ళు ముందు నవ్వి, మిగతావాళ్ళు "ఏమైంది?" అని పక్కకి తిరగాలి.

ఇక కళ్ళకి గంతలు కట్టడం. ప్రేక్షకులకి గంతలు కట్టి "అంధుల ప్రపంచం చూపిస్తాం" అనే ఆలోచన ప్రతి బృందానికీ వస్తుంది. గంతలు కట్టుకున్న మనిషికి తెలిసేది చూపు పోయిన మొదటి పావుగంట భయం మాత్రమే. ఇరవయ్యేళ్ళుగా అలాగే బతుకుతున్నవాళ్ళ నేర్పు అందులో రాదు. వెనక్కి మిగిలేది జాలి. చీకటిని వాడకూడదని కాదు. ఆండ్రియాస్ హైనెకె 1988లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలుపెట్టిన "డైలాగ్ ఇన్ ద డార్క్" ప్రదర్శనలో సందర్శకులు పూర్తి చీకట్లో నడుస్తారు, కానీ వాళ్ళని నడిపించేది అంధులే. అక్కడ నేర్పరి ఎవరో మొదటి క్షణంలోనే తేలిపోతుంది. అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిరెస్‌లో చీకట్లోనే నాటకాలాడే తెయాత్రో సియెగో కూడా ఉంది. అలాంటి నైపుణ్యం మీ దగ్గర లేకపోతే లైట్లు ఉంచండి. పైగా పెదాల కదలిక చూసి మాట పట్టుకునే వినికిడి లోపమున్న ప్రేక్షకులకి చీకటి పడితే నాటకమే మిగలదు.

అడుగు 3: చెవికి రాయడం

రేడియో నాటకం విని పెరిగినవాళ్ళకి ఇది సగం వచ్చినట్టే. కానీ స్టేజీ రేడియో కాదు. కళ్ళున్నవాళ్ళు కూడా ఎదురుగా ఉంటారు కాబట్టి, కనబడేదాన్నే మాటల్లో మళ్ళీ చెబితే విసుగొస్తుంది. చెప్పే మాట కథని ముందుకి తొయ్యాలి, అందులోనే దృశ్యం తెలియాలి.

మా మొదటి రాత ఇలా ఉండేది:

ప్రయాణికురాలు ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఒక యువకుడు వచ్చి ఆమె సంచి ఎత్తుకుని మోచెయ్యి పట్టుకుంటాడు. ఆమె ఉలిక్కిపడుతుంది.
యువకుడు: రండి, రండి.
ప్రయాణికురాలు: వద్దండీ.

వినేవాళ్ళకి ఇందులో దక్కేది మూడు మాటలు. తిరగరాశాక:

(చెప్పుల టపటప దగ్గరవుతుంది, ఆగుతుంది. సంచి గొలుసు గలగల.)
ప్రయాణికురాలు: బాబూ, ఆ సంచి నాది.
యువకుడు: నేను మోసుకొస్తానండీ. రైలొచ్చేసింది, పదండి.
ప్రయాణికురాలు: ముందు నా మోచెయ్యి వదులు. వచ్చింది నా రైలు కాదు. చప్పుడు నా వీపు వైపు నుంచి వస్తోంది, అది అవతలి ప్లాట్‌ఫాం.
యువకుడు: మీకెలా...
ప్రయాణికురాలు: సంచి.
(సంచి బెంచీ చెక్క మీద పడుతుంది.)

ఎవరు ఎక్కడున్నారు, ఏం జరిగింది, ఎవరిది పైచెయ్యి, అన్నీ తెలిసిపోయాయి. కథకుడి అవసరం రాలేదు. ఇలా కుదరని చోట్లు కొన్ని ఉంటాయి. అక్కడ సూత్రధారుణ్ణి పెట్టుకోండి. మన నాటకానికి అది కొత్త కాదు, ఎవరూ ఎబ్బెట్టుగా అనుకోరు. సూత్రధారుడికి కూడా ఒక స్వభావం ఇవ్వండి. మా నాటకంలో వాడు అన్నీ ఎక్కువ చేసి చెప్పే కోతలరాయుడు. హీరోయిన్ మధ్యమధ్యలో వాణ్ణి సరిదిద్దుతుంది.

ప్రతి పాత్రకీ ఒక చప్పుడు కేటాయించండి: తాళాల గుత్తి, కిర్రు చెప్పులు, ప్లాస్టిక్ సంచి, దగ్గు. నటుడు మాట్లాడక ముందే వచ్చింది ఎవరో తెలియాలి. మొదటి రెండు మాటల్లో పాత్ర పేరు ఎవరో ఒకరు పలకాలి. ఒకే వయసు, ఒకే స్థాయి గొంతులున్న ఇద్దరు నటుల్ని పక్కపక్క పాత్రలకి తీసుకోకండి. మేము తీసుకుని, పదిహేను రోజుల రిహార్సల్ తర్వాత ఒకరిని మార్చాల్సొచ్చింది. అంత బాధాకరమైన ఫోన్ కాల్ నేనెప్పుడూ చెయ్యలేదు.

అడుగు 4: విడిగా వర్ణన కావాలంటే

కొన్ని నాటకాల్లో దృశ్యం ఎక్కువ, మాట తక్కువ. అప్పుడు హెడ్‌సెట్‌లో వినిపించే ఆడియో డిస్క్రిప్షన్, అంటే స్టేజీ మీద కనబడేదాన్ని మాటల్లో చెప్పే వర్ణన కావాలి. రంగస్థలం మీద ఇది ఒక పద్ధతిగా మొదలైంది 1981లో, వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్‌లో. మార్గరెట్ ఫాన్‌స్టీల్ అనే అంధురాలు, ఆమె భర్త కోడీ కలిసి దాన్ని తీర్చిదిద్దారు. అప్పటి నుంచీ సూత్రం ఒకటే: సంభాషణల మధ్య ఖాళీల్లో, కనబడేది కనబడినట్టు, క్లుప్తంగా. "కోపంగా ఉన్నాడు" అనకూడదు. "పళ్ళు బిగించాడు" అనాలి. కోపమో కాదో వినేవాళ్ళు తేల్చుకుంటారు.

తెలుగులో వర్ణన చెప్పేవాళ్ళకి సొంత చిక్కులున్నాయి. మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది. "ఆమె మెల్లగా లేచి, కర్రని తడుముతూ, తలుపు వైపు" అనేసరికి నటి తలుపు దాటేసి ఉంటుంది. చిన్న వాక్యాలే శరణ్యం: "లేచింది. కర్ర దొరకలేదు. తలుపు వైపు నడిచింది." రెండోది సర్వనామం. వాడు, అతను, ఆయన అనే మాటల్లో ఏది వాడినా ఆ పాత్ర మీద మీ తీర్పు అందులో దొర్లిపోతుంది. పాత్ర పేరు వాడటం మేలు. మూడోది, మనకున్న అనుకరణ పదాల సంపద. టకటక, సరసర, గబగబ లాంటివి వర్ణనకి ప్రాణం. అయితే స్టేజీ మీద చప్పుడు వినబడుతుంటే ఆ మాట చెప్పడం వృథా. చప్పుడు లేని కదలికకి మాత్రమే మాట ఖర్చు పెట్టండి.

వర్ణన రాసేది ఒకరు, సరిచూసేది చూపు లేని మరొకరు అయ్యుండాలి. ప్రదర్శన రోజు వర్ణన ప్రత్యక్షంగా చెప్పించండి, రికార్డింగు వద్దు. నటుడు ఒక విరామం సాగదీస్తే రికార్డింగు ఆగదు. ట్రాన్స్‌మిటర్, రిసీవర్లు అద్దెకి దొరికితే సరే. దొరక్కపోతే ఫోన్ల మీద గ్రూప్ కాల్‌తో గడిపేద్దామని అనిపిస్తుంది. మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది, బ్లూటూత్ హెడ్‌సెట్ పెడితే ఇంకా ఆలస్యం. అందరూ నవ్వేశాక జోకు చేరుతుంది. ముందే పరీక్షించండి. హెడ్‌సెట్ ఒక్క చెవికే ఉండాలి, రెండో చెవి స్టేజీకి.

అడుగు 5: రిహార్సల్

స్క్రిప్ట్ ఫైలు యూనికోడ్‌లో పంపండి. పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన తెలుగుని స్క్రీన్ రీడర్ చదవలేదు, పిచ్చి అక్షరాలు వల్లిస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఇంకా పనికిరాదు, అది ఉత్త బొమ్మ. బ్రెయిల్ అచ్చు కావాలంటే ముందే చెప్పాలి, చివరి నిమిషంలో సీన్లు మార్చే అలవాటుంటే మానుకోవాలి. మార్పులుంటే వాయిస్ మెసేజ్‌లో పంపండి.

స్టేజీని మొదటి రోజే పాదాలకి అర్థమయ్యేలా చెయ్యండి. సన్నటి తాడుని నేలకి పరిచి, మీద వెడల్పు టేపు అంటించండి. మధ్యగీతకి ఒక తాడు, స్టేజీ ముందంచుకి నాలుగడుగుల ఇవతల పక్కపక్కనే రెండు తాళ్ళు. ఒకటి తగిలితే మధ్య, రెండు తగిలితే ఆగు. చెప్పులు లేకుండానూ, చెప్పులతోనూ పరీక్షించండి, తేడా ఉంటుంది. వింగ్స్‌లో, అంటే స్టేజీ పక్క తెరల వెనక, ఒక పక్క చిన్న ఫ్యాను తిరుగుతూ ఉంచాం. ఆ గాలి, ఆ రొద మా నటులకి దిక్సూచి. ప్రదర్శన రోజు ఎవరో పుణ్యాత్ముడు "సౌండ్ వస్తోంది కదా" అని దాన్ని ఆపేశాడు. ఆ టెన్షన్ వర్ణించలేను. స్విచ్చికి కాగితం అంటించండి.

గదిలో పాటించాల్సిన మర్యాదలు కొన్నే. కుర్చీలు పెట్టినచోటే ఉండాలి. తలుపు పూర్తిగా తెరిచుండాలి, లేదా పూర్తిగా మూసుండాలి. సగం తెరిచిన తలుపు నుదుటికి తగులుతుంది. గదిలోకి వచ్చేవాళ్ళు పేరు చెప్పాలి, వెళ్ళేటప్పుడూ చెప్పాలి. దర్శకుడు "అక్కడికెళ్ళు", "ఇలా చెయ్యి" అనే రెండు మాటల్నీ మర్చిపోవాలి. మొదటి వారం నా నోట ఇవి ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టడానికి మా నటి ఒక గంట తెచ్చింది, దొర్లినప్పుడల్లా మోగించేది. "నీ కుడి పక్క మూడడుగులు" అనండి, లేదా గడియారం లెక్కలో "రెండు గంటల దిక్కు" అనండి. గైడ్ డాగ్ (దారి చూపే కుక్క) ఉంటే దానికో మూల, నీళ్ళు. పనిలో ఉన్న కుక్కని ముద్దు చెయ్యకూడదు.

చూపున్న నటుడు అంధుడి పాత్ర వెయ్యొచ్చా? నా వరకు, వేరే దారి ఉన్నప్పుడు వద్దు. మన దగ్గర చూపు లేని నటులకి చూపున్న పాత్రలు ఇవ్వరు, ఉన్న ఈ కాస్తా లాక్కుంటే ఎలా? అసలు మీరు తారుమారు చేసి చూడండి. మా నాటకంలో ఆ అడక్కుండా సాయం చేసే యువకుడి పాత్ర వేసింది కూడా చూపు లేని నటుడే. చూసినవాళ్ళెవరూ కనిపెట్టలేదు.

అడుగు 6: శబ్దం, స్పర్శ

స్టేజీ ముందు రెండు స్పీకర్లతో ప్రయాణం రాదు. నాలుగు మూలలా నాలుగు పెట్టండి, వీలైతే. బస్సు వెనక నుంచి వచ్చి ఎడమ పక్కగా దాటిపోవాలి. గోడ పక్కన నడుస్తున్నప్పుడు చప్పుడు దగ్గరగా తిరిగొస్తుంది. గోడ అయిపోయి సందు రాగానే ఒక్కసారి విచ్చుకుంటుంది. చూపు లేనివాళ్ళు దీన్ని అడుగడుగునా వాడతారు. అమెరికాకి చెందిన అంధుడు డేనియల్ కిష్ లాంటివాళ్ళు నాలుకతో టక్కుమని చప్పుడు చేసి, ప్రతిధ్వనితో ఎదుట చెట్టుందో కారుందో చెప్పేస్తారు, ఇతరులకి నేర్పుతారు కూడా.

వాన సన్నివేశం ఒకటి ఉంచండి. నిశ్శబ్దంగా ఉన్న వస్తువులకి వాన గొంతు ఇస్తుంది. రేకుల మీద ఒకలా, ఆకుల మీద ఒకలా, ఆగి ఉన్న కారు మీద ఒకలా, ఎదుటి మనిషి గొడుగు మీద ఇంకోలా పడుతుంది. వాన మొదలవగానే చుట్టూ ఉన్న వీధికి రూపం వస్తుంది. అదే వాన మరీ జోరైతే కర్ర చప్పుడు, బండ్ల చప్పుడు అన్నీ మింగేస్తుంది, ఆ రూపం చెదిరిపోతుంది. ఈ రెండు స్థితుల మధ్య మా నాటకంలో అయిదు నిమిషాలు నడుస్తుంది. ఆ అయిదు నిమిషాలకే మా సౌండ్ ఆపరేటర్‌కి మూడు వారాలు పట్టింది.

నేపథ్య సంగీతం తగ్గించండి. ఎడతెగని సంగీతం వినడానికి బాగుంటుంది కానీ వివరాలన్నిటినీ కప్పేస్తుంది. హఠాత్తుగా చెవులు పగిలే చప్పుడు పెట్టడం చూపు లేని ప్రేక్షకులకి, చూపున్నవాళ్ళ కళ్ళల్లో టార్చి కొట్టినట్టు. కథకి తప్పనిసరైతే ముందే హెచ్చరించండి. వాసనలు వాడాలనుకుంటే జాగ్రత్త. ఆస్తమా, మైగ్రేన్ ఉన్నవాళ్ళకి ఇబ్బంది, పైగా ఒక వాసన వదిలితే తర్వాతి మూడు సీన్ల దాకా హాల్లోనే తిష్ఠ వేస్తుంది.

ప్రదర్శనకి గంట ముందు టచ్ టూర్ పెట్టండి. పదిమందికి మించకుండా, ముప్పావుగంట. ప్రేక్షకులు స్టేజీ ఎక్కి అడుగులు లెక్కపెట్టుకుంటారు, బెంచీ తడుముతారు, కాస్ట్యూమ్ బట్ట పట్టుకుని చూస్తారు. నటులు తమ పాత్ర గొంతులో పరిచయం చేసుకుంటారు. సెట్ చిన్న నమూనా అట్టతో చేసిపెడితే మొత్తం అమరిక చేతికి అందుతుంది. టూర్‌కి రాలేనివాళ్ళ కోసం ఎనిమిది పది నిమిషాల ఆడియో పరిచయం నాలుగు రోజుల ముందే పంపండి: పాత్రలెవరు, ఎలా ఉంటారు, స్టేజీ ఎలా ఉంది.

అడుగు 7: గేటు నుంచి సీటు దాకా

ప్రయాణం గురించి నాటకం వేస్తూ, దానికి వచ్చే ప్రయాణాన్ని నరకం చేసిన సందర్భం నాకు బాగా తెలుసు, ఎందుకంటే అది మా మొదటి ప్రదర్శన. పోస్టరు అందమైన బొమ్మగా వాట్సాప్‌లో పంపాం. అందులోని ఒక్క అక్షరం స్క్రీన్ రీడర్‌కి అందదు. తేదీ, సమయం, చోటు, ఫోన్ నంబరు మామూలు టెక్స్టుగా మళ్ళీ టైప్ చెయ్యాలన్న ఆలోచనే రాలేదు.

దారి మాటల్లో రాసిపెట్టండి. మ్యాపు లింకు చాలదు. "బస్సు దిగాక బస్సు వెళ్ళిన దిక్కుకే నడవండి. కుడి చేతి పక్క ఇనుప కంచె ఉంటుంది. కంచె ఆగిన చోట గేటు. గేటు దాటాక నేల సిమెంటు నుంచి కంకరకి మారుతుంది. పదిహేను అడుగుల్లో నాలుగు మెట్లు, రెయిలింగ్ ఎడమ పక్క." ఇలా రాసి, చూపు లేని ఒకరితో ఆ దారి నడిపించి చూడండి. మా మొదటి రాతలో "పెద్ద పసుపు భవనం పక్కన" అని ఉంది.

వాలంటీర్లకి ఒక గంట శిక్షణ చాలు, కానీ ఆ గంట చూపు లేనివాళ్ళే ఇవ్వాలి. పేరు చెప్పి "సాయం కావాలా?" అని అడగడం, "వద్దు" అంటే నిజంగానే వదిలెయ్యడం, మోచెయ్యి ఇవ్వడం, మెట్లు ఎక్కడమా దిగడమా చెప్పడం, సీటు దగ్గర భుజాలు పట్టి కూర్చోబెట్టకుండా సీటు వీపు మీద చెయ్యి ఆనించి వదలడం. వెళ్ళిపోయేటప్పుడు వెళ్తున్నానని చెప్పాలి, లేకపోతే పాపం గాలితో మాట్లాడుతూ ఉంటారు.

సీట్లు ఒక మూల "వికలాంగుల వరస" అని పెట్టకండి, ఎక్కడ కావాలో టికెట్ ఇచ్చేటప్పుడే అడగండి. కొద్దిగా చూపున్నవాళ్ళు ముందు కావాలంటారు, శబ్దం బాగా వినాలనుకునేవాళ్ళు మధ్యలో. గైడ్ డాగ్‌తో వచ్చేవాళ్ళకి కాళ్ళ దగ్గర చోటున్న సీటు. కరపత్రం 18 పాయింట్ల అక్షరాల్లో, మెరవని కాగితం మీద. ప్రమాదం వస్తే ఎటు వెళ్ళాలో నాటకానికి ముందు మాటల్లో చెప్పండి. ఆకుపచ్చ ఎగ్జిట్ బోర్డు వెలుగుతోంది కదా అని ఊరుకోవద్దు.

అడుగు 8: పరీక్ష

డ్రెస్ రిహార్సల్‌కి వారం ముందు, నాటకం మొత్తాన్ని దర్శకుడు స్టేజీకి వీపు పెట్టి కూర్చుని వినాలి. అర్థం కాని ప్రతి చోటా కాగితం మీద ఒక గీత. నాకు మొదటిసారి 31 గీతలొచ్చాయి, అందులో సగం నేనే గర్వపడిన దృశ్యాలు. తర్వాత, ఈ నాటకం గురించి ఏమీ తెలియని నలుగురు చూపు లేని ప్రేక్షకుల్ని పిలవండి. "నచ్చిందా?" అని అడిగితే మర్యాదకి నచ్చిందంటారు. "కథ చెప్పండి" అనండి. చెబుతుంటే ఎక్కడ ఆగారో, ఎక్కడ ఊహించారో రాసుకోండి. అక్కడే మీ పని ఉంది.

ఈ ఖర్చులన్నీ, వర్ణన చెప్పేవాళ్ళ పారితోషికం, బ్రెయిల్, హెడ్‌సెట్ల అద్దె, వాలంటీర్ల శిక్షణ, బడ్జెట్ మొదటి పేజీలో ఉండాలి. చివరి పేజీలో ఉన్నవి డబ్బు చాలనప్పుడు ముందు ఎగిరిపోతాయి.

ప్రదర్శన అయ్యాక అభిప్రాయాలు కాగితం ఫారాల మీద అడక్కండి. ఒక ఫోన్ నంబరు ఇచ్చి వాయిస్ మెసేజ్ పెట్టమనండి. ఇంకో సంగతి: హాలు ఖాళీ అయ్యేటప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడుతూ బయటికొస్తారు, ఆ గోలలో వచ్చిన దారి గుర్తులేవీ వినబడవు. వచ్చేటప్పుడు ఇద్దరు వాలంటీర్లుంటే వెళ్ళేటప్పుడు నలుగురుండాలి. ఒకరు గేటు బయట, ఆఖరి ఆటో కదిలేదాకా.